లెక్కల ఆఫీసులో పుట్టిన పది రోజులు

1948 జనవరి 4న బర్మా స్వతంత్ర దేశమైంది. కొత్త ప్రభుత్వానికి తొలి అకౌంటెంట్ జనరల్‌గా ఊ బా ఖిన్ బాధ్యతలు తీసుకున్నారు. అప్పటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్లు. అదే శాఖలో గుమాస్తాగా చేరి, పరీక్షలు రాసి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకొచ్చిన మనిషి. జపాన్ బాంబులూ, ఆ తర్వాత మిత్రరాజ్యాల బాంబులూ పడ్డ రంగూన్ నగరం ఇంకా కోలుకోలేదు. కొద్ది నెలల్లోనే దేశంలో అంతర్యుద్ధం రాజుకుంది. అలాంటి రోజుల్లో ప్రభుత్వ లెక్కల మీద కూర్చున్న అధికారికి పొద్దున లేస్తే ఎదురయ్యేవి లంచం, నిర్లక్ష్యం. ఊ బా ఖిన్ కఠినమైన అధికారి అని పేరు. అయితే ఆయన మెమోలతో సరిపెట్టుకోలేదు. తన కింద పనిచేసే ఉద్యోగుల్ని కూర్చోబెట్టి ధ్యానం నేర్పడం మొదలుపెట్టారు.

1950లో ఆ ఆఫీసు పేరుతోనే ఒక విపశ్యన సంఘం ఏర్పడింది. ఆఫీసుల్లో ఆటల క్లబ్బులూ, పరపతి సంఘాలూ ఉండటం మనకు తెలుసు. లెక్కల ఆఫీసుకు ధ్యాన సంఘం ఉండటం మాత్రం అప్పటి బర్మాలో కూడా కొత్తే. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది గుమాస్తాలు, సూపరింటెండెంట్లు, ఆడిటర్లు. పెళ్లాం బిడ్డలున్నవాళ్లు, నెల జీతం మీద బతికేవాళ్లు. ఎవరూ తల గొరిగించుకోలేదు, కాషాయం కట్టలేదు. రెండేళ్ల తర్వాత, 1952లో, ష్వెడగాన్ పగోడాకు ఉత్తరంగా కొంత దూరంలో అంతర్జాతీయ ధ్యాన కేంద్రం వెలిసింది. మధ్యలో ఒక గది, దాని చుట్టూ ఎనిమిది చిన్న గదులు ఉన్న పగోడా అది. ఊ బా ఖిన్ పొద్దునా సాయంత్రం అక్కడ ఆచార్యుడు, మధ్యలో ఆఫీసులో అధికారి.

మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల పెద్దవాళ్లు రంగూన్‌ను రంగం అనేవాళ్లు. కూలికి పోయి రంగం రేవులో బస్తాలు మోసినవాళ్ల మనవళ్లు ఇప్పటికీ మన ఊళ్లలో ఉన్నారు. ఆ రంగంలోనే, మన వాళ్లు బరువులు దించిన రేవుకు అంత దూరం కాని చోట, గృహస్థుల కోసం ఒక ధ్యాన పద్ధతి రూపం తీసుకుంది. ఇవాళ హైదరాబాద్ నుంచి మసాచుసెట్స్ దాకా నడిచే పది రోజుల విపశ్యన శిబిరం ఆ రూపానికి కొనసాగింపే.

ఈ పద్ధతి బుద్ధుడి కాలం నుంచి గురుశిష్య పరంపరగా చెక్కుచెదరకుండా వచ్చిందని సాధకులు నమ్ముతారు. ఆ నమ్మకాన్ని నేను తేలిక చెయ్యను. అయితే చరిత్ర పుస్తకాలు ముందు పెట్టుకుని చూస్తే, మామూలు సంసారులు గుంపులుగా కూర్చుని విపశ్యన చెయ్యడమన్నది సుమారు నూట ముప్పై ఏళ్ల నాటి సంగతి. బోధ పాతది, దాన్ని బతుకులోకి తెచ్చిన ఏర్పాటు కొత్తది. ఆ ఏర్పాటును తయారుచేసినవాళ్లు ఒక పల్లెటూరి భిక్షువు, ఒక రైతు, ఒక ఆడిటర్, ఒక వ్యాపారి. నాకు ఇందులో గర్వపడాల్సిన సంగతే కనిపిస్తుంది. ధర్మాన్ని తమ కాలానికి పనికొచ్చేలా చెయ్యాలన్న పట్టుదల వాళ్లకు ఉంది.

ఆ ఏర్పాటులో మొదటి అడుగు ఓటమి నుంచి పుట్టింది. 1885 నవంబరులో ఇంగ్లిషు సైన్యం మాండలే కోటను పట్టుకుంది. తీబా రాజును ఓడెక్కించి మన దేశానికి తెచ్చి, చివరికి రత్నగిరిలో ఉంచారు. ఆయన అక్కడే చనిపోయాడు. బర్మా ప్రజలకు పోయింది రాజ్యం ఒక్కటే కాదు. భిక్షు సంఘాన్ని పోషించేదీ, దాని క్రమశిక్షణను కాపాడేదీ రాజే. ఆ బాధ్యత మోయడం తమ పని కాదని కొత్త దొరలు తేల్చేశారు. రాజు లేకపోతే బుద్ధుడి శాసనం, అంటే ఆయన బోధ, ఎన్నాళ్లు నిలుస్తుంది? ఊరూరా ఇదే భయం.

ష్వెబో ప్రాంతంలోని ఒక పల్లెలో 1846లో పుట్టిన లెడి సయాడో ఈ భయానికి ఒక జవాబు వెతికారు. మాండలేలో పెద్ద చదువు చదివిన పండితుడాయన. రాజ్యం పోయాక మొన్యువా దగ్గర లెడి అనే అడవిలో ఉండిపోయారు. అందుకే ఆ పేరు. రాజు చేతిలో ఉన్న బాధ్యతను ప్రజల చేతిలో పెట్టాలన్నది ఆయన ఆలోచన. అంతవరకు భిక్షువులకే పరిమితమైన అభిధర్మాన్ని, అంటే మనసును విడదీసి చూపే బౌద్ధ శాస్త్రాన్ని, మామూలు బర్మీస్ భాషలో, పద్యాల్లో, చిన్న చిన్న పుస్తకాల్లో రాశారు. అచ్చు యంత్రం అప్పుడప్పుడే ఊళ్లకు చేరుతోంది, ఆ పుస్తకాలు దాని మీద దేశమంతా పాకాయి. ఆడవాళ్లు, రైతులు, చిన్న ఉద్యోగులు జట్లు జట్లుగా కూర్చుని వాటిని చదువుకునేవాళ్లు. చదివితే సరిపోదు, ఇళ్లలో ఉండే మీరు కూడా ధ్యానం చెయ్యగలరు అన్నారాయన. లోతైన సమాధి స్థితులు సాధించాకే విపశ్యన మొదలుపెట్టాలన్న పట్టింపు అక్కర్లేదనీ, కాస్త ఏకాగ్రత కుదిరినా ఆ దారిలో నడవొచ్చనీ చెప్పారు. వలస పాలన తెచ్చిన ఈ మార్పును ఎరిక్ బ్రాన్ అనే చరిత్రకారుడు వివరంగా పరిశోధించాడు. ధ్యానం జనంలోకి రావడానికి ముందు పుస్తకం జనంలోకి వచ్చిందన్నది అందులో నన్ను బాగా ఆకట్టుకున్న విషయం.

లెడి సయాడో ఇంకో సాహసం చేశారు. నేర్చుకోవడమే కాదు, నేర్పడం కూడా గృహస్థు చెయ్యొచ్చన్నారు. ఆ మాట నిలబెట్టిన మనిషి రంగూన్ నదికి అవతలి ఒడ్డున ప్యాబ్వేజీ అనే పల్లెలో ఉండేవాడు. సయా తెట్‌జీ అని ఆయన్ను పిలుస్తారు. 1873లో పేద ఇంట్లో పుట్టి, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, బండి తోలి, పొలం చేసుకుని బతికాడు. చదువు అంతంతమాత్రం. 1903లో ఆ ఊళ్లో కలరా పడింది. కొడుకు పోయాడు, కూతురు పోయింది, ఇంకా బంధువులు పోయారు. ఆ దుఃఖంలో, చావు లేనిదేదైనా ఉందేమో వెతుక్కుంటానని భార్యను అనుమతి అడిగి ఇల్లు వదిలాడు. ఏళ్ల తరబడి తిరిగి, లెడి సయాడో దగ్గర సాధన చేసి, మళ్లీ ఊరికి తిరిగొచ్చాడు. పొలం పక్కనే సాధకులకు చోటిచ్చాడు. 1914 ప్రాంతం నుంచి నేర్పడం మొదలుపెట్టాడు. పండితులైన భిక్షువులు కూడా ఆ రైతు దగ్గరకొచ్చి కూర్చునేవాళ్లని చెబుతారు.

ఊ బా ఖిన్ 1937 జనవరి 1న తెట్‌జీ శిష్యుడొకరి దగ్గర శ్వాసను గమనించడం నేర్చుకున్నారు. మనసు వెంటనే కుదిరింది. వారం తిరక్కుండానే నది దాటి ప్యాబ్వేజీ చేరారు. ఆఫీసుకు ఒక ఉత్తరం పంపి ఉన్నపళాన వెళ్లిపోయారనీ, తిరిగొచ్చేసరికి ఉద్యోగం ఊడుతుందనుకుంటే బల్ల మీద పదోన్నతి కాగితం ఉందనీ శిష్యులు ఇష్టంగా చెప్పుకుంటారు. ఆ కథను ఎంతవరకు పట్టుకోవాలో ఎవరి ఇష్టం వాళ్లది. ఆ ఏడాదే బర్మా భారతదేశ పాలన నుంచి విడిపోయిందనీ, ఆ ఆఫీసులో కొత్త పదవులు ఏర్పడ్డాయనీ, అందులో ఒకటి ఆయనకు దక్కిందన్నది మాత్రం నిజం.

1941లో రైల్వే లెక్కల పని మీద ఉత్తరాదిన తిరుగుతూ ఆయన వేబూ సయాడో అనే భిక్షువును కలిశారు. జనం అర్హంతుడని, అంటే పూర్తి విముక్తి పొందినవాడని, కొలిచే మనిషి. నీకు తెలిసింది నలుగురికీ ఇవ్వు, ఆలస్యం చెయ్యొద్దు అని ఆయన ఊ బా ఖిన్‌ను తొందరపెట్టారు. ఊ బా ఖిన్‌కు ఆశ్రమం లేదు, మండపం లేదు. ఉన్నదల్లా ఆఫీసు పని కోసం ఇచ్చిన రైలు పెట్టె. క్యావుక్సే స్టేషన్లో ఆగిన ఆ పెట్టెలోనే, ఆ స్టేషన్ ఉద్యోగికి ఆయన తొలి పాఠం చెప్పారు. నేర్పేవాడూ ఉద్యోగే, నేర్చుకున్నవాడూ ఉద్యోగే.

గృహస్థులకు నేర్పాలంటే మొదటి చిక్కు కాలం. భిక్షువుకు జీవితమంతా ఉంది, సెలవు పెట్టి వచ్చే గుమాస్తాకు లేదు. ఎన్ని రోజులిస్తే ఒక మనిషి శ్వాస మీద మనసు నిలిపి, ఒంట్లో పుట్టి పోయే అనుభూతుల్ని గమనించే దాకా వస్తాడు? ఊ బా ఖిన్ దగ్గర దానికి పది రోజులన్న కొలత స్థిరపడింది. మనసును సూటిగా చూడటం ఎలాగో తెలియడానికి చాలినంత. ఉద్యోగం, సంసారం దెబ్బతినకుండా తీసుకోగలిగినంత. అంతకు తగ్గితే చాలదు, అంతకు మించితే సంసారి రాలేడు.

రెండో చిక్కు ఇంకా లోతైనది. ఇక్కడే ఈ ఏర్పాటు గొప్పతనం ఉందని నా అభిప్రాయం. సాధారణంగా నీతి చెప్పేవాళ్లు మంచిగా ఉండమంటారు, విన్నవాళ్లు తలూపుతారు, గడప దాటాక మరిచిపోతారు. శిబిరంలో అలా కాదు. చేరిన రోజు సాయంత్రం సాధకుడు అయిదు నియమాలు తీసుకుంటాడు. ప్రాణం తియ్యను, ఇవ్వనిది తీసుకోను, బ్రహ్మచర్యం పాటిస్తాను, అబద్ధం చెప్పను, మత్తు ముట్టను. ఇవి పుణ్యం కోసం కాదని ముందే చెబుతారు. అబద్ధం ఆడిన మనసు ఆ అబద్ధాన్ని కాపాడుకునే పనిలో ఉంటుంది, దొంగిలించిన మనసు దొరికిపోతానేమోనని చూసుకుంటూ ఉంటుంది. అలాంటి మనసుతో ముక్కు కింద ఊపిరి ఎలా ఆడుతోందో చూడమంటే అది చూడలేదు. కాబట్టి శీలం లేనిదే సమాధి కుదరదు, సమాధి లేనిదే ప్రజ్ఞ కలగదు. చదివితే సూత్రంలా ఉంటుంది. కూర్చుంటే మాత్రం ఎవరికి వాళ్లకు రెండో రోజుకే తెలుస్తుంది. ఎప్పుడో అన్న మాట, ఎవరి దగ్గరో దాచిన సంగతి, వరసగా వచ్చి ఎదురుగా నిలుస్తాయి.

అబద్ధం ఆడకుండా పది రోజులుండటం మనలో ఎవరికైనా కష్టమే. అందుకు ఏర్పాటులోనే ఒక ఉపాయం పెట్టారు. మౌనం. మాట్లాడకపోతే అబద్ధం ఎక్కణ్నుంచి వస్తుంది? పక్కవాడితో సైగలు కూడా వద్దు. ఆచార్యుణ్ని సందేహం అడగొచ్చు, వసతి చూసేవాళ్లకు అవసరం చెప్పొచ్చు, అంతే. తెల్లవారి నాలుగుకు గంట మోగుతుంది, రాత్రి తొమ్మిదికి గదులకు వెళ్తారు. మధ్యలో సుమారు పది గంటల సాధన. మొదటి మూడున్నర రోజులు శ్వాస, నాలుగో రోజు మధ్యాహ్నం నుంచి విపశ్యన. తల నుంచి కాళ్ల దాకా ఒంట్లో ఏ అనుభూతి ఉందో చూడటం, సుఖమైతే వెంటపడకుండా, బాధైతే కసరకుండా ఉండటం. ఆ తర్వాత రోజుకు మూడుసార్లు గంట చొప్పున కదలకుండా కూర్చోవాలి. మోకాలు నొప్పితో అరుస్తుంటే దాన్ని చూస్తూ ఉండటం, అది ఎంత గట్టిదైనా మారుతూ పోతోందని తెలుసుకోవడం. బయట పై అధికారి అరిచినప్పుడూ, కవరు బల్ల కింద నుంచి ముందుకు జరిగినప్పుడూ ఒంట్లో పుట్టేది ఇలాంటి అలజడే. దాన్ని పుట్టిన క్షణంలోనే పట్టుకోగలిగితే చేసే పని మన చేతిలో ఉంటుంది. ఊ బా ఖిన్ ధ్యానాన్ని ఆఫీసులో పెట్టడానికి కారణం ఇదే. లంచం తీసుకునే చెయ్యి కదలకముందు మనసులో ఒకటి కదులుతుందని ఆయన గ్రహించారు.

ఆయన జీవితం కూడా ఈ మాటను పరీక్షించింది. బర్మా వ్యవసాయోత్పత్తుల మార్కెటింగ్ బోర్డును, అంటే దేశం బియ్యం ఎగుమతులన్నీ చూసే సంస్థను, చక్కదిద్దమని ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. అవినీతికి పేరుపడ్డ చోటు. ఆయన వస్తున్నారని తెలిసి పై అధికారులు సమ్మె కట్టారనీ, ఆయన కింది సిబ్బందితోనే పని నడిపారనీ, కొన్ని వారాలకు సమ్మె చేసినవాళ్లే ఏ షరతూ లేకుండా తిరిగొచ్చారనీ ఆయన జీవిత కథల్లో ఉంది. ఒకేసారి మూడు నాలుగు శాఖల బాధ్యతలు మోసిన రోజులున్నాయి. మామూలుగా విశ్రాంతి తీసుకునే వయసు దాటాక కూడా ప్రభుత్వం ఆయన్ను వదల్లేదు. 1967 దాకా పనిలోనే ఉన్నారు.

ఆ కేంద్రానికి 1955లో ఒక మార్వాడీ వ్యాపారి వచ్చాడు. సత్యనారాయణ గోయెంకా, వయసు ముప్పై ఒకటి. మాండలేలో 1924లో పుట్టి, చిన్న వయసులోనే మిల్లులు, ఎగుమతి దిగుమతులు చూసుకుంటూ, రంగూన్ భారతీయ సమాజంలో పెద్దమనిషైనవాడు. విపరీతమైన తలనొప్పి. మార్ఫిన్ ఇస్తే తప్ప తగ్గేది కాదు. యూరప్, అమెరికా, జపాన్ వైద్యుల దగ్గరకు వెళ్లొచ్చాడు, ఫలితం లేదు, పైగా మార్ఫిన్‌కు అలవాటుపడే ప్రమాదం. ఒక స్నేహితుడు ఊ బా ఖిన్ దగ్గరకు పంపాడు. తలనొప్పి తగ్గించుకోవడానికైతే రావద్దని ఊ బా ఖిన్ చెప్పేశారు. ధర్మం మనసు మలినాల కోసం, ఒంటి జబ్బులు తగ్గితే అది దాని వెనకొచ్చే ఫలితం అన్నారు.

గోయెంకాకు ఇంకో బెదురు ఉంది. నిష్ఠగల హిందూ కుటుంబం, గీతను ప్రేమించే మనిషి. బౌద్ధుల దగ్గర కూర్చుంటే మతం మారాల్సొస్తుందేమో? నేను నేర్పేది శీలం, సమాధి, ప్రజ్ఞ, వీటిలో దేనికి నీ మతం అభ్యంతరం చెబుతుంది అని గురువు అడిగారని ఆయన తర్వాత తన ప్రసంగాల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నారు. అబద్ధం ఆడొద్దంటే కాదనే మతం ఏది? ఈ ఒక్క ప్రశ్న మీద మిగతా కథంతా ఆధారపడింది. పేరు మార్చుకోనక్కర్లేదు, దేవుణ్ని వదలనక్కర్లేదు, కొత్త దేవుణ్ని తెచ్చుకోనక్కర్లేదు. ఊపిరికి మతం లేదు, ఒంట్లో మంటకూ మతం లేదు. సర్వమతాల దేశంలో, మతం పట్టని ఆధునిక నగరంలో, బుద్ధుడి బోధ నిలదొక్కుకోవడానికి అవసరమైన తలుపు అక్కడ తెరుచుకుంది.

గోయెంకా పద్నాలుగేళ్లు గురువు దగ్గర సాధన చేశారు. 1962లో సైన్యం అధికారం పట్టింది, ఆ తర్వాత పరిశ్రమలూ వ్యాపారాలూ జాతీయం అయ్యాయి. గోయెంకా ఆస్తులు పోయాయి. ఆ నష్టం తనకు సాధన చేసుకునే తీరిక ఇచ్చిందని ఆయన చెప్పేవారు. 1969లో, జబ్బుపడ్డ తల్లిని చూసుకోవడానికి పాస్‌పోర్టు సంపాదించి మన దేశం వచ్చారు. ఊ బా ఖిన్‌కు ఎప్పట్నుంచో ఒక కోరిక ఉంది. భారతదేశం బర్మాకు ధర్మాన్ని ఇచ్చింది, ఆ రుణం తీర్చాలి. ఆయన బయటి దేశాలకు వెళ్లే వీలు లేకపోయింది. శిష్యుణ్ని పంపారు. 1969 జులైలో బొంబాయిలో ఒక ధర్మశాలలో తొలి శిబిరం జరిగింది. కూర్చున్నవాళ్లు కొద్దిమంది, వాళ్లలో గోయెంకా తల్లిదండ్రులూ ఉన్నారు. 1971 జనవరి 19న రంగూన్‌లో ఊ బా ఖిన్ కన్నుమూశారు.

తర్వాతి ఏళ్లు సంచారం. ధర్మశాలల్లో, బళ్లలో, గుళ్లలో, చర్చిల్లో, మసీదులో కూడా శిబిరాలు జరిగాయి. బుద్ధగయలో జరిగిన శిబిరాలకు అమెరికా, యూరప్ యువకులు వచ్చి కూర్చున్నారు. వాళ్లలో జోసెఫ్ గోల్డ్‌స్టీన్, షారన్ సాల్జ్‌బర్గ్ తిరిగి వెళ్లి, మరికొందరితో కలిసి 1976లో మసాచుసెట్స్‌లోని బారీలో ధ్యాన కేంద్రం పెట్టారు. ఆ రాష్ట్రంలోనే 1979లో జాన్ కబట్‌జిన్ అనే శాస్త్రవేత్త వైద్య కళాశాల ఆస్పత్రిలో, తగ్గని నొప్పులతో బాధపడే రోగులకు ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ మొదలుపెట్టాడు. జెన్ గురువుల దగ్గరా, విపశ్యన దగ్గరా నేర్చుకున్నదాన్ని మతం మాట లేకుండా ఆస్పత్రి భాషలో చెప్పాడు. ఇవాళ ఫోన్లలో, కంపెనీల్లో వినిపించే మైండ్‌ఫుల్‌నెస్‌కు ఒక మూలం అక్కడుంది.

సొంత చోటు మాత్రం ముందు మన దగ్గరే దొరికింది. 1976 సెప్టెంబరులో హైదరాబాద్‌లో, నాగార్జునసాగర్ రోడ్డు మీద వనస్థలిపురం దాటాక, ధమ్మఖేత్త కేంద్రాన్ని గోయెంకా ప్రారంభించారు. దేశంలో ఈ పరంపరలో తొలి కేంద్రం అదే. మహారాష్ట్రలో ఇగత్‌పురి కొండ దగ్గరి ధమ్మగిరిలో శిబిరాలు ఆ తర్వాత నెలలో మొదలయ్యాయి. ధమ్మఖేత్త పక్క నుంచి పోయే రోడ్డు నాగార్జునకొండ వైపు వెళ్తుంది. మూడో శతాబ్దంలో అక్కడి విహారాల్లో సింహళం నుంచి వచ్చిన భిక్షువులకు కూడా చోటు ఉండేదని ఇక్ష్వాకుల శాసనాలు చెబుతున్నాయి. అలాంటి నేల మీదికి బుద్ధుడి సాధన ఒక మార్వాడీ నోట, బర్మా ఆడిటర్ చెప్పిన పద్ధతిలో తిరిగి రావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా గుండె నిండే విషయం. ఇప్పుడు తెలుగు నేల మీద నాగార్జునసాగర్‌లో, ఏలూరు దగ్గర విజయరాయిలో, సంగారెడ్డి వైపు కొండాపూర్‌లో కూడా కేంద్రాలున్నాయి. సూచనలు తెలుగులోనూ వినొచ్చు.

హైదరాబాద్ కేంద్రం కంటే ఏడాది ముందు, 1975లో, ఒక కొత్త పరీక్ష ఎదురైంది. రాజస్థాన్ హోం కార్యదర్శి రామ్‌సింగ్ శిబిరం చేసి వచ్చి, జైపూర్ సెంట్రల్ జైల్లో ఖైదీలకు ఇది పెట్టాలనుకున్నారు. నియమాలు అడ్డొచ్చాయి. ఆచార్యుడు సాధకులతోనే ఉండాలి, జైల్లో బయటివాళ్లు రాత్రి ఉండకూడదు. దారి వెతికారు. శిబిరం రోజున ప్రమాదకరమైన ఖైదీలను కాళ్లకూ చేతులకూ సంకెళ్లతో తెచ్చారు. గోయెంకా ఒప్పుకోలేదు. సంకెళ్లలో ఉన్నవాళ్లకు ధర్మం ఎలా నేర్పను అన్నారు. అధికారులకు భయం, తీసేస్తే ఏం జరుగుతుందో. చివరికి తీశారు. శిబిరం నడిచింది, ఎవరికీ ఏమీ కాలేదు.

ఈ సంఘటన మీద నేను కాసేపు ఆగుతాను. హత్య చేసిన మనిషికి ప్రాణం తియ్యను అన్న నియమం ఇవ్వడం అంటే ఏమిటి? కోర్టు అతన్ని శిక్షించింది, సమాజం అతని మీద ముద్ర వేసింది. నియమం అతన్ని ఇవాళ్టి నుంచి అడుగుతుంది. ఇతరులు పెట్టిన కాపలాకూ, తనకు తాను పెట్టుకున్న కాపలాకూ తేడా అక్కడ తెలుస్తుంది. బౌద్ధ కథల్లో అంగుళిమాలుడు ఉన్నాడు, మన పిల్లలకూ తెలిసిన కథ. వేళ్ల దండ వేసుకున్న ఆ దొంగ చివరికి భిక్షువయ్యాడు. అయితే అతను అడవినీ, కత్తినీ, సంసారాన్నీ అన్నీ వదిలాడు. జైపూర్ ఖైదీ భిక్షువు కాలేడు. ఆ గోడల మధ్యే, ఆ తిండే తింటూ, ఆ వార్డరునే రోజూ చూస్తూ మారాలి.

ఢిల్లీ తిహార్ జైలులో అప్పటి ఇన్‌స్పెక్టర్ జనరల్ కిరణ్ బేడీ 1993 నవంబరులో శిబిరం పెట్టించారు. తర్వాతి ఏప్రిల్‌లో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి పెద్ద డేరా కింద కూర్చున్నారు. గోయెంకా స్వయంగా నేర్పారు. ఆ ఏడాదే జైలు లోపల శాశ్వత కేంద్రం ఏర్పడింది. ఖైదీలకంటే ముందు జైలు ఉద్యోగుల్ని శిబిరాలకు పంపడం అందులో తెలివైన పని. కొట్టే చెయ్యి కూడా నేర్చుకోవాలి కదా. తిహార్ కథ 1997లో డాక్యుమెంటరీగా వచ్చాక ఇతర దేశాల జైళ్లలోనూ ప్రయత్నాలు మొదలయ్యాయి. మహారాష్ట్ర ప్రభుత్వం తన ఉద్యోగులకు ఈ శిబిరాల కోసం జీతంతో సెలవు ఇచ్చే వీలు కల్పించింది. లెక్కల ఆఫీసులో పుట్టినది మళ్లీ ఆఫీసుకు చేరింది.

డబ్బు సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. శిబిరానికి రుసుము లేదు, తిండికీ వసతికీ కూడా లేదు. పూర్తిచేసినవాళ్లు మాత్రమే, తర్వాత వచ్చేవాళ్ల కోసం, తోచినంత ఇవ్వొచ్చు. చెయ్యనివాళ్ల దగ్గర తీసుకోరు. వండేవాళ్లు, ఊడ్చేవాళ్లు చాలావరకు పాత సాధకులే, నేర్పేవాళ్లకు జీతం లేదు. డబ్బున్నవాడు ఎక్కువ ఇచ్చి మంచి గది కొనుక్కునే వీలు లేకపోవడం వల్ల సాధకుడు పది రోజులు ఇతరుల అన్నం తిని బతుకుతాడు. భిక్షాపాత్ర పట్టకుండానే భిక్షువు స్థానంలో ఉంటాడు. అహంకారం మీద పనిచేసే ఏర్పాటు ఇది. ధ్యానాన్ని ప్యాకేజీలుగా అమ్మే ఈ రోజుల్లో, ఇది అన్నేళ్లుగా నిలబడటం చిన్న సంగతి కాదు.

కంపెనీలు నేర్పే ధ్యానం మీద నాకున్న అభ్యంతరం కూడా ఇక్కడే. ఒత్తిడి తగ్గడం మంచిదే, రోగికి నొప్పి తగ్గడం ఇంకా మంచిది. కానీ నియమాలు తీసేసి ఏకాగ్రత ఒక్కటే ఉంచితే అది ఎవరికైనా ఉపయోగపడుతుంది, మోసం చేసేవాడికి కూడా. అబద్ధపు ప్రకటన రాసే మనిషి ప్రశాంతంగా రాస్తాడు. శీలాన్ని మొదటి రోజునే ఎందుకు పెట్టారో ఆలోచించకుండా మిగతాది తీసుకోవడం న్యాయం కాదు.

విపశ్యన శిబిరం అందరికీ పనికొస్తుందనీ అనను. రోజుల తరబడి మౌనం, అంత సాధన కొందరి మనసును కుదిపేస్తాయి. తీవ్రమైన మానసిక సమస్యలున్నవాళ్లను రావద్దని కేంద్రాలే చెబుతాయి, దరఖాస్తులో ఆ వివరాలు అడుగుతాయి. అక్కడ నిజం రాయడం కూడా శీలమే. మందులు వాడేవాళ్లు వైద్యుణ్ని అడగకుండా వాటిని మానెయ్యకూడదు.

ఇంకో ప్రశ్న ఉంది, నాకు దానికన్నా పెద్దది. 1954లో అంబేడ్కర్ బౌద్ధ సమావేశాల కోసం రంగూన్ వెళ్లారు. అప్పటికి ఊ బా ఖిన్ కేంద్రం పెట్టి రెండేళ్లయింది. బుద్ధుణ్ని ఆధునిక కాలానికి తెచ్చే పని ఆ ఇద్దరూ అదే దశకంలో చేశారు, వేరు వేరు దారుల్లో. 1956 అక్టోబరులో నాగ్‌పూర్‌లో లక్షలాది మందితో కలిసి అంబేడ్కర్ తీసుకున్న ప్రతిజ్ఞల్లోనూ హింస చెయ్యను, దొంగిలించను, అబద్ధం చెప్పను, తాగను అన్నవి ఉన్నాయి. అంటే పునాది ఒకటే. అంబేడ్కర్ మాత్రం దుఃఖానికి మూలం మనిషి మనసులోనే కాదు, మనిషిని మనిషి అంటరానివాడిగా చూసే సమాజంలో కూడా ఉందన్నారు. ఒంట్లో మంటను సమభావంతో చూడమని చెప్పేటప్పుడు, ఆ మంట పెట్టినవాడి సంగతేమిటని అడిగే హక్కు బాధితుడికి ఉంది. శిబిరంలో అన్ని కులాలవాళ్లూ ఒకే వరసలో కూర్చుని ఒకే కూర తినడం నిజమైన విలువే. పుట్టిన కులాన్ని బట్టి వచ్చే గొప్పను గోయెంకా తన ప్రసంగాల్లో గట్టిగా కొట్టిపారేశారు. పదకొండో రోజు గేటు దాటాక ఏం చెయ్యాలన్నదాంట్లో అంబేడ్కర్ చెప్పింది కూడా కలవాలి. ఈ రెండు దారుల మధ్య నడిచే తెలుగు సాధకులు ఇప్పటికే ఉన్నారు. ఆ కలయిక ఇంకా ఒక పద్ధతిగా రూపం కట్టలేదు.

గోయెంకా 2013 సెప్టెంబరు 29న ముంబయిలో చనిపోయారు. 1980లలోనే ఆయన సహాయక ఆచార్యుల్ని నియమించి, తన సూచనల్నీ ప్రసంగాల్నీ రికార్డు చేయించారు. అందుకే ఆయన పోయినా శిబిరాలు ఆగలేదు, మార్పు కూడా రాలేదు. ఎక్కడ కూర్చున్నా అదే గొంతు, అవే మాటలు, అదే క్రమం. ముందు తరాలన్నీ తాము అందుకున్నదాన్ని తమ కాలానికి కొద్దిగా మార్చుకున్నాయి. భిక్షువు పుస్తకం చేశాడు, రైతు పొలం పక్క చోటిచ్చాడు, ఆడిటర్ పది రోజులు చేశాడు, వ్యాపారి మత భేదం లేకుండా జైలు దాకా తీసుకెళ్లాడు. ఇప్పుడు రికార్డు మారదు. పద్ధతి కలుషితం కాకుండా ఉండటానికి అది అవసరమని నిర్వాహకులు అంటారు, ఆ మాటలో బలం ఉంది. అయినా రికార్డు కాని గంట ఒకటి ప్రతి శిబిరంలో ఉంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా సాధకుడు ఆచార్యుణ్ని ఒంటరిగా కలిసి తన సందేహం అడగొచ్చు. సాధన మీద అడగొచ్చు, దాన్ని ఇంట్లో, ఆఫీసులో ఎలా నిలుపుకోవాలో అడగొచ్చు. అక్కడ జవాబు చెప్పేది ఈ ఊరి మనిషే, ఏదో ఉద్యోగం చేసి వచ్చినవాడో, బడిలో పాఠాలు చెప్పినామెనో.